గ్యారేజీ దారిలో రాసిన తేదీ

ప్రశ్న: నేను టొరంటోలో ఉంటున్నాను. మా ఆయన ఇటాలియన్ కుటుంబంలో ఆఖరివాడు. పెళ్లయి పద్నాలుగేళ్లు. మా మామగారు 1955లో, ఇరవై ఏళ్ల వయసులో, ఇటలీ ఈశాన్య మూలన ఉన్న ఫ్రియూలి నుంచి ఓడెక్కి వచ్చారు. బతుకంతా టెరాజో పనే. మన దగ్గర మొజాయిక్ గచ్చు అంటామే, అదే. ఇద్దరు తమ్ముళ్లను రప్పించుకున్నారు, నలుగురు పిల్లల్ని పెంచారు. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నం ఆయనొచ్చి కూర్చునేదాకా ఎవరూ గరిటె ముట్టుకోరు. పరమ భక్తులు. కాళ్లు సాగినంతకాలం రోజూ చర్చికి వెళ్లారు. ఈ నవంబరులో ఆయనకు తొంభై నిండుతాయి. పారిష్ హాల్లో, అంటే మా చర్చి హాల్లో, భోజనాలు పెట్టి, ఆయన జీవితం మీద చిన్న పుస్తకం పంచుదామన్నారు. రాసే పని నా నెత్తిన పడింది.

కలం సాగడం లేదు. మామగారిని అడిగితే "వచ్చాను, పని చేశాను, అంతే" అంటారు. అత్తగారేమో "నాదేముంది, వంట చేశాను" అంటారు. మా పెద్ద బావగారికి నాన్న దేవుడు. మా ఆడపడుచుకు ఆయన పేరెత్తితే మొహం మారిపోతుంది. 1985లో ఆమె విడాకులైన ఒకాయన్ని సిటీ హాల్లో పెళ్లి చేసుకుంది. మామగారు వెళ్లలేదు, అత్తగారినీ వెళ్లనివ్వలేదు. ఆ రోజు ఇంట్లోనే ఉండి గ్యారేజీ దారికి కాంక్రీటు పోశారట. ఎక్కడ సిమెంటు పోసినా ఓ మూలన మేకుతో తేదీ గీయడం ఆయన అలవాటు. "మా నాన్న నా పెళ్లికి రాలేదు గానీ తేదీ మాత్రం రాసి పెట్టుకున్నాడు" అంటుంది ఆమె. ఇది పుస్తకంలో రాయాలా? రాయకపోతే అబద్ధం చెప్పినట్టేనా? పైగా నేను హిందువుని, ఆయన భక్తి గురించి నేనేం రాయగలను? నేను రాసిన మొదటి పేజీ, వాళ్ల పెళ్లి ఫొటో పంపుతున్నాను. ఫొటో వెనక 1961 అని ఉంది. అందులో అత్తగారి పక్కన నిలబడింది మామగారి అన్నయ్య. మామగారు ఎక్కడా కనిపించరు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

సమాధానం: ముందు ఆ ఫొటో సంగతి తేల్చుకుందాం. మీ చిక్కుముడి కొస అక్కడే ఉందని నాకనిపిస్తోంది.

కంగారు పడకండి, మీ అత్తగారు పెళ్లాడింది మీ మామగారినే. కాకపోతే ఆ రోజు ఆయన టొరంటోలో ఎక్కడో గచ్చు వేస్తూ ఉండి ఉంటారు. ఇటాలియన్లు దీన్ని 'పెర్ ప్రొకూరా' అంటారు, అంటే ప్రాక్సీ పెళ్లి. వరుడు తన బదులు ఫలానా మనిషి నిలబడతాడని పత్రం రాసి పంపుతాడు. ఊళ్లో చర్చిలో, ఫాదర్ ముందు, ఆ మనిషి వరుడి తరఫున ప్రమాణం చేస్తాడు. ఎక్కువగా అన్నో, బావో, ఒక్కోసారి పెళ్లికూతురి తండ్రో. క్యాథలిక్ చట్టం దీన్ని ఒప్పుకుంది, ఇప్పటికీ ఒప్పుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కెనడాకూ ఆస్ట్రేలియాకూ వెళ్లిన ఇటాలియన్ కుర్రాళ్లు చాలామంది ఇలాగే పెళ్లి చేసుకున్నారు. రానూపోనూ ఓడ ఖర్చు ఒకటి, పని వదిలేసి వెళ్తే పోయే కూలి ఒకటి. వీటన్నిటికంటే పెద్దది, పెళ్లికాని పిల్లను ఒంటరిగా సముద్రం దాటించడానికి ఏ తల్లిదండ్రులూ ఒప్పుకోరు. పెళ్లయిపోతే ఇంకొకరి భార్యగా ప్రయాణం చేస్తుంది, ఊరు నోరు మూస్తుంది. కొందరు పెళ్లికూతుళ్లకు మొగుడి మొహం ఫొటోలో చూసిందే. దిగాక రైల్వే స్టేషన్‌లో ఆ ఫొటో పట్టుకుని వెతుక్కున్నవాళ్లున్నారు. మీ అత్తగారి విషయంలో ఏం జరిగిందో ఆమే చెప్పాలి. "నాదేముంది, వంట చేశాను" అన్న మనిషిని ఆ ఫొటో చేతిలో పెట్టి అడగండి. ఆ రోజు ఉంగరం వేలికి తొడిగిందెవరు? తర్వాత ఎన్నాళ్లకు ఓడెక్కారు? దిగాక ఆయన్ని గుర్తుపట్టారా? ఈ మూడు ప్రశ్నలకు ఆమె ఇచ్చే జవాబులతో మీ పుస్తకంలో నాలుగు పేజీలు నిండకపోతే నన్ను అడగండి.

ఇప్పుడు ఈ 1961ని, ఆ 1985ని పక్కపక్కన పెట్టి చూడండి.

మీ మామగారు తన పెళ్లికి తానే వెళ్లలేదు. అయినా అది ఆయన దృష్టిలో నూటికి నూరుపాళ్లు పెళ్లి. ఎందుకంటే ఫాదర్ ఉన్నారు, సాక్షులున్నారు, చర్చి రిజిస్టర్లో పేర్లు ఎక్కాయి. ఆయన జ్ఞానస్నానం పొందిన చర్చి రిజిస్టర్లో ఆయన పేరు పక్కన మార్జిన్‌లో ఈ పెళ్లి కూడా రాసి ఉంటుంది. క్యాథలిక్ పద్ధతి అది. ఇక కూతురి పెళ్లి. అక్కడ పెళ్లికొడుకున్నాడు, పెళ్లికూతురుంది, స్నేహితులు, పూలు, ఫొటోలు అన్నీ ఉన్నాయి. ఆయన లెక్కలో మాత్రం అక్కడ పెళ్లే లేదు. క్యాథలిక్ మనిషి చర్చి బయట చేసుకున్న పెళ్లిని చర్చి పెళ్లిగా ఎంచదు. పైగా వరుడు విడాకులైనవాడు. పాత పెళ్లి చెల్లదని చర్చి ట్రిబ్యునల్ తేలిస్తే తప్ప రెండో పెళ్లికి దారి లేదు. క్యాథలిక్ కానివాళ్లను చేసుకునే నిబంధనలు 1970లో కొంత సడలాయి గానీ ఈ విషయంలో కాదు. అంటే ఆ శనివారమో ఏ వారమో సిటీ హాల్‌కి వెళ్లి కూర్చుంటే, లేని పెళ్లికి సాక్ష్యం చెప్పినట్టని ఆయన అనుకున్నారు.

ఆయన తరఫున వాదిస్తున్నాననుకోకండి. నేనూ క్యాథలిక్ ఇంట్లోనే పుట్టాను, జపమాల చెప్పుకుంటూ పెరిగాను. ఇంతే పట్టుదల ఉన్న తండ్రులు ఇంకేదో దారి వెతుక్కోవడం కూడా చూశాను: పెళ్లికి వెళ్లకుండా సాయంత్రం కూతురింటికి మిఠాయి పెట్టె పట్టుకెళ్లినవాళ్లు, చర్చి మెట్ల దగ్గరే ఆగి అల్లుడితో చేయి కలిపినవాళ్లు. భార్యను కూడా ఆపాలని ఏ చట్టమూ చెప్పలేదు. అది పెద్దరికం. ఆ రెండింటినీ విడదీసి చూడండి. వెళ్లకపోవడం భక్తి, వెళ్లనివ్వకపోవడం అధికారం. మీ ఆడపడుచుకు ఎక్కువ నొప్పి ఏది కలిగించిందో ఎప్పుడైనా అడిగారా? రెండోదే అయి ఉంటుందని నా ఊహ.

ఇంకో మాట. ఆయన 1955లో వదిలివచ్చిన ఇటలీలో విడాకులే లేవు. అక్కడ విడాకుల చట్టం వచ్చింది 1970 డిసెంబరులో. 1974లో దాన్ని రద్దు చేయాలా అని రెఫరెండం పెడితే, చర్చి అంత గట్టిగా ప్రచారం చేసినా, దాదాపు 59 శాతం మంది చట్టం ఉండాలనే ఓటేశారు. ఆ ఓటు వేసినవాళ్లలో మీ మామగారి ఊళ్లోనే ఉండిపోయిన అక్కచెల్లెళ్లు, చిన్ననాటి స్నేహితులు కూడా ఉండొచ్చు. వలస వెళ్లిన మనిషి గడియారం ఊరు వదిలిన రోజు దగ్గరే ఆగిపోతుందని అంటారు గదా. అమెరికాలో మన పెద్దవాళ్లు కొందరు 1975 నాటి కులం లెక్కలు చెప్తుంటే, ఇక్కడ ఊళ్లో వాళ్ల మేనల్లుళ్లే నవ్వుకోవడం మీరు చూసే ఉంటారు. ఇది కూడా పుస్తకంలో పెట్టమని అనడం లేదు. ఆయన్ని రాసేటప్పుడు మీ తలలో ఉండాలి, అంతే.

మరి ఆ పెళ్లి సంగతి రాయాలా? అది మీ ఇష్టం కాదు, మీ బావగారి ఇష్టం కాదు, ఆఖరికి మామగారి ఇష్టం కూడా కాదు. ఆ పెళ్లి మీ ఆడపడుచుది.

ఇది నేను నేర్చుకుంది పుస్తకాల్లో కాదు. మా నాన్నగారు పోయాక సంవత్సరీకం పూజకు మేమూ ఇలాంటి చిన్న పుస్తకమే వేశాం. మా అక్క విషయంలో ఇంట్లో ఒక పెద్ద గొడవ జరిగింది, ఆరేళ్లు మాటల్లేవు. అందరూ కలిసే రోజున అదెందుకని, ఆ ఆరేళ్లనూ ఎగరగొట్టి రాశాను. అక్క ఆ పుస్తకం తీసుకుని నిలబడే తిరగేసింది. తన చిన్నప్పటి ఫొటో ఉన్న పేజీ చూసింది, తర్వాత పేజీ చూసింది, మళ్లీ వెనక్కి వెళ్లి చూసింది. మూసి బల్ల మీద పెట్టేసింది. ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు పుస్తకం అక్కడే ఉండిపోయింది. నేను ముందే ఫోన్ చేసి "అక్కా, ఏం రాయమంటావు?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. "ఏమీ రాయొద్దు" అనేదేమో. అప్పుడు రాయకపోవడం తన మాట అయ్యేది.

కాబట్టి ఆమె దగ్గరికి ఒంటరిగా వెళ్లండి. మీ ఆయన్ని తీసుకెళ్లకండి, తమ్ముడు పక్కనుంటే ఆమె అక్కగా మాట్లాడుతుంది. పుస్తకంలో ఆమె పెళ్లి గురించి వాక్యం ఉండాలా వద్దా, ఉంటే ఎలా ఉండాలి, ఆమె మాటల్లోనే ఉండాలా అని అడగండి. ఆమె రాసిచ్చిన వాక్యాన్ని బావగారు దిద్దడానికి వీల్లేదని ముందే మాటివ్వండి. ఆయన దిద్దుతానంటారు, చూడండి. ఇంటి పెద్దకొడుకులు అలాగే ఉంటారు. ఆమెను క్షమించమనో, నాన్నతో మాట్లాడమనో మాత్రం చెప్పకండి. తొంభయ్యో పుట్టినరోజు వంకతో రాజీలు కుదర్చాలని ఉబలాటపడే కోడళ్లను చాలామందిని చూశాను. మీకు అప్పగించిన పని రాయడం.

సరే, ఇక మామగారి నోరు విప్పించే ఉపాయం. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఏ పనివాడూ చెప్పడు. వాళ్లకు జీవితం అనేది విడిగా కనపడే వస్తువు కాదు. తేదీ అడగండి, సరుకు గురించి అడగండి, నేల చూపించండి.

తేదీల్లో మొదటిది 1960 మార్చి 17. ఆ సాయంత్రం టొరంటోలో హాగ్స్ హాలో దగ్గర డాన్ నది కింద నీటి పైపు కోసం తవ్వుతున్న సొరంగంలో మంటలు లేచి అయిదుగురు కూలీలు చనిపోయారు. అయిదుగురూ ఇటలీ నుంచి వచ్చిన కుర్రాళ్లే, అందులో ఇద్దరు అన్నదమ్ములు. మనిషి నిలబడడానికి వీల్లేని సొరంగం, సరైన భద్రత లేదు, బయటికి దారి లేదు. దాని తర్వాతే ఒంటారియోలో నిర్మాణ పనుల భద్రత మీద విచారణ జరిగింది, చట్టాలు బిగుసుకున్నాయి. 1960, 61ల్లో ఇటాలియన్ కూలీలు పెద్ద సమ్మెలు చేశారు. ఇప్పుడు యార్క్ మిల్స్ సబ్‌వే స్టేషన్‌లో ఆ అయిదుగురి జ్ఞాపకంగా పెద్ద క్విల్ట్, అంటే గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన బొంత, వేలాడదీశారు. అప్పుడు మీ మామగారికి ఇరవై నాలుగో ఇరవై అయిదో. ఆ వార్త ఎక్కడ విన్నారో, మర్నాడు పనికి వెళ్లారో లేదో ఆయనకు తప్పకుండా గుర్తుంటుంది. సమ్మెలో ఉన్నారా, సమ్మెను దాటి పనికి వెళ్లారా అని కూడా అడగండి. రెండోదైతే జవాబు రావడానికి కొంచెం టైం పడుతుంది, ఓపిక పట్టండి.

రెండోది 1976 మే 6. ఆ రాత్రి తొమ్మిది గంటల వేళ ఫ్రియూలిలో భూకంపం వచ్చింది. దాదాపు వెయ్యి మంది పోయారు. జెమోనా, వెన్జోనె లాంటి ఊళ్లు నేలమట్టమయ్యాయి. అదే సెప్టెంబరులో మళ్లీ కంపించి, మిగిలినవి కూడా కూలాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న ఫ్రియూలి పనివాళ్లు డబ్బు పంపారు, కొందరు పనిముట్లతో సహా వెళ్లారు. టొరంటోలో 1932 నుంచీ ఉన్న 'ఫామే ఫుర్లానె' సంఘం ఇలాంటి వాళ్లదే. ఆ రోజుల్లో ఫ్రియూలిలో బాగా వినిపించిన మాట ఒకటుంది: ముందు ఫ్యాక్టరీలు, తర్వాత ఇళ్లు, ఆ తర్వాతే చర్చిలు. దాన్ని సమర్థించినవాళ్లలో అక్కడి ఆర్చిబిషప్ కూడా ఉన్నారు! వెన్జోనె పెద్ద చర్చినైతే కూలిన రాళ్లకు నంబర్లు వేసి, ఏ రాయి ఎక్కడిదో కనిపెట్టి మళ్లీ కట్టారు. పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. రోజూ చర్చికి వెళ్లే ఈ తాపీ మనిషిని, చర్చి ఆఖరున కట్టాలనడం మీద ఆయన అభిప్రాయం ఏమిటో అడగండి. "మీరు భక్తులా?" అని అడిగితే రాని జవాబు దీనికొస్తుంది.

మూడోది సరదాకి. 1982 జూలై 11. ఇటలీ 3-1తో పశ్చిమ జర్మనీని ఓడించి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ గెలిచిన ఆదివారం. టొరంటోలో సెయింట్ క్లెయిర్ వీధిలో మూడు లక్షల మంది చేరారని చెప్పుకుంటారు. ఆ గుంపులో మామగారు ఎవరి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారో మీ ఆయన్నే అడగండి, అప్పటికి కాస్త ఊహ తెలిసిన పిల్లాడే అయి ఉంటాడు.

తేదీల కంటే బాగా పనిచేసేది నేల. ఆయన గచ్చు వేసిన స్కూలో ఆసుపత్రో ఇంకా నిలిచి ఉంటే వీల్‌చెయిర్‌లో తీసుకెళ్లండి. టెరాజో అంత తొందరగా చావదు, అరవై ఏళ్లు దాటినా పాలిష్ పడితే మెరుస్తుంది. ఆయన అక్కడికెళ్లగానే అందం చూడరు, పగుళ్లు వెతుకుతారు. ఇత్తడి పట్టీలు ఎక్కడ వంకర పోయాయో, ఏ మూల రాతి చిప్స్ పల్చగా పడ్డాయో చూపిస్తారు. మిషన్ వెళ్లని మెట్ల అంచుల్ని రాయి పట్టుకుని చేత్తో అరగదీసినవాడెవడో పేరుతో సహా చెప్తారు. నీళ్లు చల్లకుండా పొడిగా గ్రైండింగ్ చేసినచోట లేచే దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లో చేరిందో, ఎవరు దగ్గి దగ్గి పోయారో కూడా అప్పుడే వస్తుంది. ఫోన్ ఆన్ చేసి జేబులో పెట్టుకోండి. మాటలు ఫ్రియూలి భాషలో జరగనివ్వండి, మీ ఆయన్ని అడగమనండి. ఇంగ్లీషులో అడిగితే ఆ "వచ్చాను, పని చేశాను" మళ్లీ వస్తుంది. ఇంగ్లీషు ఆయనకు మేస్త్రీలతోనూ బ్యాంకు వాళ్లతోనూ మాట్లాడిన భాష. రెండు ముక్కల్లో తేల్చేయడం ఆ భాషలోనే అలవాటైంది.

కాగితాల కోసం ఎక్కువ కష్టపడొద్దు. 1935 తర్వాత ఓడల్లో వచ్చినవాళ్ల రికార్డులు కెనడా ఇమిగ్రేషన్ శాఖ దగ్గర ఉంటాయి, దరఖాస్తు పెడితే ఇస్తారు, కానీ నవంబరుకి అందుతుందో లేదో. ఆయన హాలిఫాక్స్‌లో దిగి ఉంటే అక్కడి పియర్ 21 ఇప్పుడు వలసల మ్యూజియం, ఓడ ఫొటో దొరకొచ్చు. 1928 నుంచి 1971 దాకా దాదాపు పది లక్షల మంది ఆ షెడ్డు గుండానే దేశంలోకి వచ్చారు. సూట్‌కేసుల్లో అమ్మ పెట్టిన సాసేజీల్ని కస్టమ్స్ వాళ్లు లాక్కుని పారేసేవారని ప్రతి ఇటాలియన్ ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

భక్తి సంగతి. మీరు హిందువు కావడం అడ్డు కాదు, నిజానికి సాయమే. క్యాథలిక్ కోడలు రాస్తే "ప్రతిదినం దివ్యపూజలో పాల్గొనేవారు" అని రాసేసి చేతులు దులుపుకుంటుంది. మీకు ఆ మాటలు తెలియవు గనక మీరు చూసింది రాస్తారు. ఆయన జేబులో జపమాల ఉంటుందా? ఏ జేబు? పూసలు ఎంత అరిగాయి? భోజనానికి ముందు శిలువ గుర్తు వేసుకునేటప్పుడు చెయ్యి నుదుటి దాకా వెళ్తుందా, గాల్లోనే తిరిగొస్తుందా? పునీత జోజప్ప బొమ్మ ఎక్కడ పెట్టారు? పోప్ పన్నెండో పయస్ మే 1ని కార్మికుడైన జోజప్ప పండుగగా ప్రకటించింది 1955లో, సరిగ్గా మీ మామగారు ఓడెక్కిన ఏడు. బైబిల్లో ఒక్క మాట కూడా మాట్లాడని వడ్రంగి ఆయన. ఇంటి పెద్దగా మీ మామగారు ఎవరిని చూసి నేర్చుకున్నారో తెలుసుకోవాలంటే ఆ బొమ్మ దగ్గర మొదలుపెట్టొచ్చు.

అయితే చర్చి అంటే ప్రార్థనొక్కటే అనుకుంటే పొరపాటు. యాభైల్లో వచ్చిన పెళ్లికాని కుర్రాడికి చర్చి అంటే గది దొరికే చోటు, పని కబురు తెలిసే చోటు, ఉత్తరం చదివిపెట్టే ఫాదర్ ఉండే చోటు. వలస వెళ్లినవాళ్లకు వాళ్ల భాషలోనే పూజ చేసే గురువుల్ని పెట్టమని 1952లోనే రోమ్ నుంచి ఆదేశం వచ్చింది. అంతకుముందు, కొన్నిచోట్ల ఆ తర్వాత కూడా, ఐరిష్ వాళ్ల చేతిలో ఉన్న పారిష్‌లలో ఇటాలియన్లకు కింద బేస్‌మెంట్‌లో పూజ జరిగేది. మీ మామగారు ఎక్కడ కూర్చున్నారు, పైనా కిందా? లాటిన్‌లో నేర్చుకున్న ప్రార్థనలు అరవైల్లో మారిపోయినప్పుడు ఏమనుకున్నారు? ఇవన్నీ భక్తి గురించిన ప్రశ్నలే.

ఇక మీరు పంపిన పేజీ. 'పనిలోనూ మోకాళ్ల మీదే, ప్రార్థనలోనూ మోకాళ్ల మీదే బతికిన మనిషి' అని మొదలుపెట్టారు. కొట్టేయండి. గచ్చు పనివాడు భక్తుడైతే ఈ పోలిక ఎవరికైనా తడుతుంది, అక్కడే అనుమానం రావాలి. అదే పేజీలో కింద మీరే రాశారు: పాతికేళ్లుగా ఆయన మోకాళ్లు వంగవు, అందరూ మోకరిల్లినప్పుడు ఆయనొక్కరే వెనక బెంచీలో ముందుకు వాలి, ముందు బెంచీ అంచు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంటారని. ఆ అంచు పట్టుకున్న చేతులతో మొదలుపెట్టండి. వేళ్లు ఎలా ఉంటాయి, గోళ్లు ఎలా ఉంటాయి, పూజ అయ్యేసరికి బెంచీ వార్నిష్ మీద చెమట ముద్ర పడుతుందా? అది మీరొక్కరే చూసిన మనిషి.

పెద్ద బావగారికి కూడా ఒక ప్రశ్న దాచిపెట్టుకోండి. మొదటి జీతం కవరు ఎవరి చేతిలో పెట్టారు, విప్పి పెట్టారా విప్పకుండానా? ఆ తరం ఇళ్లలో పిల్లలు కవరు మూసే ఇచ్చేవారు, నాన్న అందులోంచి ఖర్చుకి తీసిచ్చేవాడు. ఇంటి అప్పు అలా తీరింది. ఆదివారం గరిటె ముట్టుకోకపోవడం వెనక ఆ కవర్లున్నాయి. అత్తగారి పాత్ర కూడా: బేస్‌మెంట్‌లో అద్దెకున్న కుర్రాళ్ల సిమెంటు బట్టలు ఎవరు ఉతికారో, తెల్లవారుజామున ఎన్ని లంచ్ డబ్బాలు కట్టారో లెక్క అడగండి. "వంట చేశాను" అన్న మాటకు అంకెలు వేసి రాయండి.

పుస్తకం తయారయ్యాక అచ్చుకి ఇచ్చేముందు మామగారికి చదివి వినిపించండి, ఆడపడుచు ఒప్పుకున్న వాక్యంతో సహా. హాల్లో రెండొందల మంది ముందు ఆయన దాన్ని మొదటిసారి చూడకూడదు. కోపం వస్తే రానివ్వండి. తీసేయమంటే, "అది మీ అమ్మాయి రాసింది, తననే అడగండి" అని చెప్పి ఊరుకోండి.

గ్యారేజీ దారిలో ఆ మూల ఇప్పుడెలా ఉందో మీరు రాయలేదు. అంకెలు ఇంకా కనిపిస్తున్నాయా? కెనడా మంచుకీ ఉప్పుకీ నలభై ఏళ్లలో అరిగిపోయి ఉండొచ్చు. కనిపిస్తుంటే మంచు పడకముందే, ఎండ ఏటవాలుగా ఉన్న సాయంత్రం ఒక ఫొటో తీయండి, అంకెల లోతు బాగా తెలుస్తుంది. ఫొటో పుస్తకంలో పెట్టకండి. మీ ఆడపడుచుకి పంపి, ఉంచాలా వద్దా అని అడగండి.